గట్టు అవతల

పంపర పనసకాయ ఒక్కరూ కూర్చుని తినే పండు కాదు. అరటిపండు నడుస్తూ తినేయొచ్చు. జామకాయ చెట్టెక్కి అక్కడే ముగించేయొచ్చు. మామిడిపండు తలుపేసుకుని తింటేనే రుచి అనేవాళ్ళూ ఉన్నారు. పంపర పనస దగ్గర ఈ వేషాలేవీ సాగవు. ముందు తొడిమ చుట్టూ కత్తితో గుండ్రంగా కోయాలి. అక్కణ్ణుంచి అడుగుదాకా నాలుగైదు గాట్లు పెట్టి, బొటనవేలు దూర్చి, వేలెడు మందాన ఉన్న తొక్కను ఊడబెరకాలి. సగం మందికి అక్కడే ఓపిక అయిపోతుంది. ఆ పైన తొనలు విడదీయాలి, ఒక్కో తొన వీపు చీల్చి చేదు పొర ఒలవాలి, గింజలు ఏరాలి, లోపలి రసపు గుత్తి చెదరకుండా పళ్ళెంలోకి దించాలి. ఒకరు ఒలుస్తుంటే ఇంకొకరు కబుర్లు చెప్పాలి, మరొకరు లోపలికెళ్ళి ఉప్పూ కారం తేవాలి, పిల్లలేమో ఆ తొక్క నెత్తిన బోర్లించుకుని వీధిలోకి పరిగెత్తాలి. కాయ కిలో, కిలోన్నర తూగుతుంది. ఒలిచినవాళ్ళకి ఆఖర్న రెండు తొనలు మిగిలితే అదృష్టం.

దానికి బజారు లేకపోవడానికి కారణం ఇదేననుకుంటాను. వినాయక చవితి ముందు నాలుగు రోజులు ప్రకాశం చౌక్ దగ్గర బుట్టల్లో కనిపిస్తుంది. పాలవెల్లికి కట్టడానికి వెలక్కాయ, మొక్కజొన్న పొత్తు, సీతాఫలంతో పాటు ఇదీ ఒకటి కొంటారు. పండగ వెళ్ళాక పాలవెల్లి మీదే వడిలిపోతుంది. అసలు రసం పట్టేది ఆ తరవాత, కార్తీకానికి. అప్పటికి అడిగేవాడు ఉండడు. మా చిన్నప్పుడు ఇది కొనాల్సిన కాయే కాదు. పెరడున్న ప్రతి ఇంట్లోనూ నూతి పక్కన ఒక చెట్టుండేది. ఒకరింట్లో ఎర్ర తొనది, ఇంకొకరింట్లో తెల్ల తొనది. పెరళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాక నూతులతో పాటు ఈ చెట్లూ పోయాయి.

ఇలాంటి కాయకు తోట వేస్తానంటే భీమవరంలో మనిషిని ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు. మాది పొద్దున కాఫీ హోటల్లో వంద కౌంటు ఎంత, నలభై కౌంటు ఎంత అన్న మాటతో తెల్లవారే ఊరు. నాలుగు నెలలు తిరక్కుండా రొయ్య పట్టుబడికి వచ్చేస్తుంది. వస్తే లక్షలు, పోతే లక్షలు. ఏదైనా నాలుగు నెలల్లో తేలిపోవాలి. నేను వేస్తానన్న చెట్టు అంటు మొక్కయినా సరిగ్గా కాపుకొచ్చేసరికి నాలుగేళ్ళు. మా బావమరిది సౌమ్యుడు కాబట్టి సౌమ్యంగానే అన్నాడు: "బావగారూ, ఆ అర ఎకరం చెరువుకి కౌలుకిచ్చేసి, ఆ డబ్బుతో ఏటేటా పంపర పనసకాయలు కొనుక్కుని ఊరంతా పంచండి. అప్పటికీ మిగుల్తాది."

లెక్క తప్పేమీ కాదు. నేనే లెక్కకు లొంగలేదు.

ఉండి వెళ్ళే రోడ్డులోంచి లోపలికి తిరిగితే మా నేల. పూర్వం సార్వా, దాళ్వా రెండు పంటలూ వరి పండేది. ఇప్పుడు చుట్టూ చెరువులే. మధ్యలో మాది ఒక పల్లపు ముక్క, గట్టు మీద నాలుగు కొబ్బరి చెట్లు. వరి మడిని తోటగా మార్చడమంటే మొక్కలు నాటడం అనుకుంటారు చాలామంది. మొక్కలది ఆఖరి వంతు. ముందు నేలను పైకి లేపాలి. నిమ్మజాతి చెట్టుకి వేరు నీళ్ళలో నానితే బతుకు లేదు. మొదలు దగ్గర బెరడు మెత్తబడి, చిట్లి, జిగురు కారుతుంది. బంక తెగులంటారు. మా నల్లమట్టి వానకి బంకై కూర్చుంటుంది, ఎండకి చెయ్యి దూరేంత బీటలిస్తుంది. రెండడుగులు తవ్వితే ఊట. పుస్తకాల్లో 'మూడడుగుల గొయ్యి తీసి' అని మొదలవుతుంది. ఆ పుస్తకాలు మెట్ట సీమలకు రాసినవి. మా దగ్గర గొయ్యి తీస్తే అది నుయ్యి అవుతుంది. కాబట్టి ఇక్కడ పని తలకిందులు. వరస వరసకీ మధ్య బోదె తవ్వాలి, ఆ మట్టే తీసి దిబ్బలు పోయాలి, దిబ్బ నెత్తిన మొక్క పెట్టాలి. పొక్లెయినర్ వచ్చి పని చేస్తుంటే అటు పోయే ప్రతివాడూ ఆగి "చెరువేనా అండి?" అని అడిగాడు. కాదంటే నమ్మలేదు.

ఈ పద్ధతి నా సొంత తెలివి కాదు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులు ఎప్పటినుంచో చేస్తున్నదే. అక్కడ బెన్‌త్రె అని ఒక ప్రాంతం ఉంది. కొబ్బరికి పేరు, చెరువుల్లో రొయ్యలు, పక్కనే సముద్రం. మన కోనసీమనీ భీమవరాన్నీ కలిపితే వచ్చే ఊరన్నమాట. వాళ్ళు కాలవలు తవ్వి, ఆ మట్టితో పొడుగాటి మెరకలు లేపి, వాటి మీద పంపర పనస పెంచుతారు. కాయలు కోసి ఆ కాలవల్లోనే పడవల మీద తీసుకుపోతారు. అక్కడ దీనికి మహారాజులా మర్యాద. వాళ్ళ కొత్త సంవత్సరానికి పూజలో పెట్టుకుంటారు. 2022లో అమెరికా కూడా వాళ్ళ పంపర పనసను రానిచ్చింది. అదే వియత్నాంలో 2016లోనూ, మళ్ళీ 2020లోనూ వేసవిలో నది బక్కచిక్కితే సముద్రపు నీరు మైళ్ళ కొద్దీ లోపలికి ఎగదన్ని తోటల్ని మాడ్చేసింది. అది చదివినప్పుడు దూరదేశం కబురుగా చదివాను. చెరువులూ సముద్రమూ ఇంత దగ్గర పెట్టుకుని అలా చదవడం కాస్త ధైర్యమే.

మొక్కలు కడియం నుంచి తెచ్చాం. కడియపులంకలో అడిగితే లేనిది లేదు, పేర్లు మాత్రం వాళ్ళిష్టం. థాయ్ రకమని ఒకటి, రెడ్ పమేలో అని ఇంకొకటి. నాకు మా పెరటి ఎర్ర తొనే కావాలి. మా ఆవిడ పుట్టింటివైపు ఒక పెరట్లో ఇంకా బతికున్న చెట్టు కొమ్మలకి లేయరింగు కట్టించి తీసుకున్నాం. గింజ వేస్తే తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. కొమ్మకి బెరడు ఒలిచి, తడి నాచు చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కట్టేస్తే వేళ్ళు పోస్తుంది. కడియం వాళ్ళు ఆ పనంతా చేసి, సంచుల్లో పెంచి, ముప్పై మొక్కలు చేతికిచ్చారు. ఆ చెట్టుగల ఇంటి పెద్దావిడ ఒక్కటే షరతు పెట్టింది: "కాసిన ఏడు మొదటి కాయ నాకు తేవాలి, ఆ పై ఏడు నేనుంటే చూద్దాం."

మైలుతుత్తం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే తోట పనిలో నాకు ఇష్టమైన పని అదే. వానలకు ముందూ తరవాతా చెట్టు మొదలుకి బోర్డో పేస్టు పూస్తారు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. మైలుతుత్తం సగం నీళ్ళలో ఒక ప్లాస్టిక్ బకెట్లో కరగాలి, సున్నం మిగతా సగంలో ఇంకో బకెట్లో విరగాలి. రెండూ కలిపితే ఆకాశం రంగు చిక్కని ముద్ద తయారవుతుంది. ఇనప పాత్ర పనికిరాదు. కుదిరిందో లేదో తెలియాలంటే మెరిసే ఇనప కత్తి ఒక నిమిషం అందులో ముంచి తీయాలి. కత్తి మీద ఎర్రగా రాగి పేరుకుంటే సున్నం తక్కువైందని. ఇంకాస్త సున్నం కలపాలి, మళ్ళీ ముంచాలి. కత్తి ముంచినట్టే తెల్లగా బయటికొస్తే అప్పుడు కుంచె పట్టుకుని మోకాలెత్తు దాకా పూసుకుంటూ పోవడమే. ముప్పై చెట్లూ నీలం మేజోళ్ళు తొడుక్కుని నిలబడతాయి. చూసినవాళ్ళు నవ్వుతారు, నాకు మాత్రం ముద్దుగానే ఉంటాయి.

రెండో వేసవిలో పడమటి వరస ఆకుల కొసలు పసుపెక్కాయి. ముందు ముదురాకులు. కొసన మొదలై, అంచు వెంబడి పాకి, గోధుమ రంగుకి తిరిగి, చివరికి ఆకు రాలింది. తూర్పు వరసలు పచ్చగానే ఉన్నాయి. తెగులైతే ఇంత శ్రద్ధగా ఒక్క వరసనే పట్టుకోదు. ఆ వరసకి ఆనుకుని ఉన్నది పక్క చెరువు రాజు గారి గట్టు.

రాజు గారు మంచివారు. నేను అడగడానికి వెళ్ళేసరికి మకాం అరుగు మీద కూర్చుని మేత లెక్కలు చూసుకుంటున్నారు. విషయం చెప్పాను. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి సెలినిటీ మీటరు తెచ్చారు. జానెడు పొడుగు, దూరదర్శిని వాటం. మా బోదెలో వేలు ముంచి, ఒక చుక్క దాని మొహాన ఉన్న అద్దం మీద వేసి, పలక మూసి, ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూశారు. లోపల నీలానికీ తెలుపుకీ మధ్య గీత ఎక్కడాగితే అది ఉప్పు లెక్క. "మూడండి" అన్నారు. తన చెరువుకీ వేసి చూశారు. "పదండి." వెయ్యి పాళ్ళ నీటిలో అన్ని పాళ్ళ ఉప్పు. నిమ్మజాతికి ఒకటి దాటితేనే కష్టం.

"నా చెరువు నీళ్ళు మీ నేల కంటే ఎత్తున నిలబడ్డాయి కదండి, ఊట మీ వైపుకే దిగుతాది. మరేం చేత్తాం" అన్నారు. ఆ 'ఏం చేత్తాం'లో దబాయింపు లేదు. నిజంగానే అడుగుతున్నారు.

ఏం చేయొచ్చో చెప్పేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. అర్జీ పెట్టమన్నారు కొందరు. 2022 ఏప్రిల్ నుంచి కలెక్టరేటు మా ఊళ్ళోనే ఉంది కాబట్టి ఏలూరు బస్సు ఛార్జీలు కూడా మిగులుతాయన్నారు. అర్జీ పెడితే ఆయన చెరువు ఆగదు, నా ఉప్పూ ఆగదు, మధ్యలో మా ఇద్దరి మాటలు ఆగిపోతాయి. పైగా ఆలోచిస్తే ఉప్పు ఆయన ఒక్కరి దగ్గర్నుంచే వస్తోందని ఎలా అనడం? ఆయనకి అవతల ఇంకో చెరువుంది, దాని అవతల మరొకటి. ఆయన బోరులో నీళ్ళు ఉప్పెక్కడానికి ఊరందరి బోర్లూ కారణం. డెల్టాలో నీళ్ళకి హద్దు రాళ్ళు పాతడం మొదట్నుంచీ ఎవరి వల్లా కాలేదు.

అసలు డెల్టా వ్యవసాయమే పక్కవాడి మీద ఆధారపడే ఏర్పాటు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాడు. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన పడమటి కాలువ చీలి, మళ్ళీ చీలి, తూములై, బోదెలై మా పొలానికి చేరేసరికి ఎందరి గట్లో దాటి రావాలి. ఎగువ వాడు తూము ఎత్తితే మాకు చుక్క. మాది శివారు. శివారు రైతుకి ఏటా ఒకటే పాట, నీళ్ళు రాలేదని. అదే భారీ వాన కురిస్తే పాట తిరగబడుతుంది: ఎగువ వాడి మురుగంతా మా మీదకే. యనమదుర్రు డ్రెయిన్ భీమవరం మధ్యలోంచి పోతుంది. దాన్ని చూసి ముక్కు మూసుకోని వాడు లేడు, దానిలోకి తన ఇంటి మురుగు వదలని వాడూ లేడు. ఈ ఊళ్ళో పుట్టినవాడికి దొరికిన నీరు ఎవరో వదిలింది. తను వదిలింది ఎవరికో చేరుతుంది. దొర కట్టించింది ఆనకట్ట అని పుస్తకాల్లో రాశారు గాని, నా మటుకు ఆయన కట్టించింది ఇరుగుపొరుగు. వరి రోజుల్లో ఆ పొరుగు తియ్యటి నీటి మీద నడిచింది కాబట్టి తగువు వాటాల దగ్గరే ఆగేది. ఇప్పుడు ఒకే గట్టుకు అటు ఉప్పుతో బతికేది, ఇటు ఉప్పుతో చచ్చేది.

చివరికి ఇద్దరం కలిసి ఒక ఊట బోదె తవ్వాం. గట్టు పొడుగునా, నా హద్దులో, నా దిబ్బల కంటే లోతుగా. చెరువు నుంచి దిగిన ఊట ముందు అందులో పడుతుంది. అక్కణ్ణుంచి మురుగు కాలవలోకి పోవాలంటే ఆయన గట్టు మూలగా గొట్టం వేయాలి. ఆయన వేయనిచ్చారు, గొట్టం కూడా ఆయనే తెప్పించారు. వానాకాలంలో దిబ్బల మీద పడ్డ నీరు ఉప్పును కడుక్కుంటూ కిందికి దిగి ఆ బోదెలో కలుస్తుంది. ఏప్రిల్‌లో కాలవలు కట్టేసిన దగ్గర్నుంచి మళ్ళీ వదిలేదాకా తోటకి కష్టకాలం. దానికోసం ఒక మూల గుంట తవ్వి, కాలవ పారుతుండగానే మంచినీళ్ళు నింపుకుంటున్నాను. పడమటి వరసలో రెండు మొక్కలు దక్కలేదు. మిగతావి కొత్తాకు తొడిగాయి.

ఇంతవరకూ కథలో నేను బాధితుణ్ణి. రెండో సగంలో ఆ హోదా పోయింది.

చిగురేసినప్పుడు పంపర పనసకి ఆకుముడత వస్తుంది. లేతాకు లోపల సన్నటి పురుగు వెండి గీతలు గీసుకుంటూ పోతుంది, ఆకు మెలిపడుతుంది. మందుల దుకాణంలో అడిగితే ఒక సీసా ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే స్ప్రేయరు భుజానికెత్తుకుంటున్నానో లేదో, రాజు గారు గట్టు మీద దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు.

"ఆగండి ఆగండి! అదేం మందండి?"

పేరు చెప్పాను.

"అది రెండు చుక్కలు గాల్లో కొట్టుకొచ్చి నా చెరువులో పడిందా, నా పని అయిపోయినట్టేనండి. పురుగుకీ రొయ్యకీ తేడా దానికి తెలవదు."

ఆయన చెప్పింది అక్షరాలా శాస్త్రం. పురుగూ రొయ్యా ఒక వంశమే, పైన పెంకు, కీళ్ళున్న కాళ్ళు. పురుగుల నరాలను పట్టుకునే పైరిత్రాయిడ్ మందులు చేపకీ గండమే, రొయ్యకైతే మరీ. నీళ్ళలో లెక్కలోకి రానంత పడినా చాలు. ఆయన ఉప్పు నా చెట్ల దగ్గరకి రావడానికి ఒక ఏడాది పట్టింది. నా మందు ఆయన చెరువుకి చేరడానికి ఒక గాలి విసురు చాలు. సీసా దుకాణానికి తిరిగిచ్చేశాను. మూడు వంతుల ధరే వెనక్కొచ్చింది, ఆ దుకాణం సంగతి వేరే రాయాలి.

మందు లేని తోటలో ఎవరెవరో దిగుతారు. ఆకుముడత పోగా ఎక్కువ తినేది సీతాకోకచిలుక పిల్ల. మొదట్లో అది నల్లగా, మీద తెల్ల మచ్చతో అచ్చంగా పిట్ట రెట్ట. పిట్టలు కూడా అలాగే అనుకుని వదిలేస్తాయి. నాలుగు సార్లు పొర విడిచాక ఆకుపచ్చటి బొద్దు పురుగవుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు చటుక్కున చాపి, కుళ్ళిన నిమ్మ వాసన కొడుతుంది. బెదిరింపు తప్ప మరేం లేదు. మా ఆవిడ కుండీలో కరివేపాకునీ ఇవే తింటాయి, గునుపూడి సోమేశ్వరుడి పూజకి వాడే మారేడునీ ఇవే తింటాయి. మనకి ఒకటి పోపులోకి, ఒకటి శివుడికి, ఒకటి ఉప్పూకారంలోకి. సీతాకోకచిలుకకి మాత్రం ఇవన్నీ ఒకే ఇంటిపేరు గలవి. నిజంగానే ఒక కుటుంబం, వెలగ కూడా. మొక్క చిన్నదైతే పురుగుని చేత్తో ఏరి గట్టు మీది పిచ్చి నిమ్మ మొక్క మీదకు మారుస్తాను. ఎదిగిన చెట్టయితే వదిలేస్తాను. ఈ వదిలేయడం దయ కాదు, రాజు గారి రొయ్య.

చెట్లు ఎదిగాయి. మాఘంలో మొదటిసారి విరగబూశాయి. దళసరి తెల్లటి పూలు, రోడ్డు మీదకే వాసన. తోటకొచ్చినవాళ్ళందరూ పూతను చూసి ఇన్ని కాయలు ఎవరు మోస్తారని హాస్యమాడారు. ఫాల్గుణం దాటేసరికి పూత దాదాపు అంతా రాలింది. చెట్టుకి ఒకటీ అరా మిగిలాయి.

కారణం తెలుసుకున్నాక నవ్వొచ్చింది. నా తోటలో ఉన్నవి ముప్పైకి రెండు తక్కువ చెట్లని నేననుకుంటున్నాను. పంపర పనస లెక్కలో అది ఒకే చెట్టు. ఒక తల్లి కొమ్మలకి లేయరింగు కట్టినవి కదా, అన్నిట్లోనూ ఉన్నది ఆ పెరటి చెట్టే. ఈ జాతిలో చాలా రకాలు తన పుప్పొడిని తాను ఒప్పుకోవు. తేనెటీగ ఎంత తిరిగినా ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వు లోపలికి దిగదు. కొన్ని రకాలు అయినా సరే గింజ లేని కాయ కాస్తాయి. కొన్ని పూత రాల్చేస్తాయి. నాది రాల్చే రకం. పూర్వం ఒక పెరట్లో ఎర్రది, గోడ అవతల తెల్లది, ఆ పక్కింట్లో నారింజో నిమ్మో ఉండేవి కాబట్టి ఎవరూ ఈ సంగతి తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు. పక్కింటి చెట్టు కొట్టేశాక మన చెట్టు కాపు తగ్గితే దిష్టి తగిలిందనుకుని గుమ్మడికాయ కట్టి ఉంటారు.

అమెరికాలో ఆరెగాన్‌లో ఉండే మా మేనల్లుడికి ఫోన్లో ఇది చెబితే పడిపడి నవ్వాడు. వాడూ తోట వేశాడు, క్విన్స్ అని. ఆపిల్‌కీ బేరికాయకీ చుట్టం. పచ్చిగా కొరికితే వగరు, ఉడికిస్తే ఎర్రబడి గుమగుమలాడుతుందట. మన దేశంలో కాశ్మీరులో పండుతుంది, చలికాలం చలి పడితే గాని పూయదు కాబట్టి భీమవరంలో దాని ఊసు వద్దు. "మామయ్యా, మా చెట్టు నీ చెట్టులా కాదు. ఒక్కటే ఉన్నా చాలు, తన పుప్పొడితో తనే కాస్తుంది. పక్కన ఎవరూ అక్కర్లేదు" అన్నాడు. నిమిషం ఆగి, "ఇక్కడ అన్నీ అంతే" అని కూడా అన్నాడు. వాడికి పక్కింటివాళ్ళ పేరు తెలియడానికి రెండేళ్ళు పట్టిందట. ఏదో అందామనుకుని ఊరుకున్నాను. మా అపార్ట్‌మెంట్లో పై అంతస్తు వాళ్ళ పేరు నాకూ తెలియదు.

ఈ పరాయి పుప్పొడి పిచ్చి లేకపోతే మనకి బత్తాయే ఉండేది కాదు. 2014లోనూ 2018లోనూ శాస్త్రవేత్తలు నిమ్మజాతి జన్యువులన్నీ విప్పి చూస్తే తేలిందేమిటంటే, మనం తినే రకాల్లో చాలావాటి మూలం పంపర పనస, కమలా, మాదీఫలం అనే మూడు నాలుగు అడవి కుటుంబాలు. బత్తాయికి తల్లి వైపు పంపర పనస, రెండో వైపు కమలా. పుల్ల నారింజదీ అదే సంబంధం. ఇంకాస్త ఇటీవలి పెళ్ళి వెస్టిండీస్‌లో బార్బడోస్ దీవిలో జరిగింది. ఓడల మీద తీసుకెళ్ళి నాటిన పంపర పనస, బత్తాయి పక్కపక్కన పెరిగాయి, తేనెటీగ మధ్యవర్తిత్వం చేసింది, గ్రేప్‌ఫ్రూట్ పుట్టింది. 1750 నాటికే దాన్ని పుస్తకంలోకి ఎక్కించారు. ఎవరూ కుదిర్చిన సంబంధం కాదు. దొడ్డి పక్కన దొడ్డి ఉండటమే.

గ్రేప్‌ఫ్రూట్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక చెప్పేయాలి. 1980ల చివర్లో కెనడాలో ఒక బీపీ మాత్రని పరీక్షిస్తూ గ్రేప్‌ఫ్రూట్ రసంతో ఇస్తే మందు రక్తంలో ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు పేరుకుంది. మందుని అరగదీసే పేగులోని ఎంజైముని ఆ రసం పడుకోబెడుతుందన్నమాట. పంపర పనసలోనూ ఆ గుణం ఉంది. కొన్ని బీపీ మాత్రలకి, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలకి ఇది పడదు. కాబట్టి నా దగ్గర కాయ పుచ్చుకునేవాళ్ళని "ఏం మాత్రలు వేసుకుంటున్నారండీ? డాక్టరు గారిని ఒకసారి అడగండి" అనడం అలవాటైంది. గోదావరి జిల్లా మర్యాదకి ఇదొక విఘాతం. పెట్టడమే తెలిసిన వాళ్ళం, పెడుతూ వద్దనడం రాదు. అయితే ఈ ప్రశ్న పుణ్యమా అని ఎవరికి షుగరో, ఎవరికి గుండె జబ్బో, ఎవరు మాత్రలు మానేసి ఆకు పసరు తాగుతున్నారో నాకు పూర్తిగా తెలిసిపోయింది. ఆ మొదటి కాయ పుచ్చుకున్న పెద్దావిడ అయితే మాత్రల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించి, "ఇందులో ఏది మానేస్తే నీ కాయ తినొచ్చో చెప్పు" అంది. మానేది కాయేనమ్మా అన్నాను. నమ్మలేదు.

ఇక నా ఎర్రవి కాయాలంటే పక్కన పూయాల్సిన తెల్ల తొన మొక్క సంగతి. నా దగ్గర చోటు లేదు. దిబ్బలన్నీ నిండాయి, గుంటకీ బోదెలకీ పోగా మిగిలింది దారి. ఉన్నవి తీసి కొత్తవి వేయడానికి మనసొప్పదు. తేనెటీగ రావడానికి అనువైన చోటు ఒక్కటే, రాజు గారి మోటారు షెడ్డు పక్కన మెరక. వెళ్ళి అడిగాను.

ఆయన మీసం దువ్వుకున్నారు. "చెట్టంటే కొంగలండి. కొంగ ఏదో చెరువులో రోగం రొయ్యని ముక్కున కరుచుకుని వచ్చి నా చెరువులో జారవిడుస్తాది. ఇన్ని వేలు పోసి పైన వల కట్టుకుంది అందుకేగా."

వల కంటే ఎత్తు ఎదగకుండా కొమ్మలు కత్తిరిస్తానన్నాను. షెడ్డు చెరువుకి అవతలి వైపేగా అన్నాను. 2025లో అమెరికా వాడు సుంకం యాభై శాతం చేసినప్పుడు ఆయన ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు తెలుసు కాబట్టి, రొయ్య ధర పడ్డ ఏడు కాయలైనా ఉంటాయిగా అని కూడా అన్నాను. దానికి నవ్వారు.

"సరేనండి. ఎర్రదేనా?"

"కాదండీ, తెల్లది. నావి ఎర్రవి. మీ దగ్గర తెల్లది పూస్తే నా ఎర్రవి కాస్తాయి."

"అంటే నా చెట్టు పూస్తే మీకు కాపా?"

"మీ చెట్టుకీ కాపొస్తుంది, నావి పూస్తాయి కదా."

"మీవి ఇరవై ఎనిమిది, నాది ఒకటి. లెక్క కుదర్లేదండి" అన్నారు రొయ్యల వ్యాపారి గొంతుతో. పుప్పొడికి వాటా ఉండాలని ఆయన వాదం, పదో కాయ తనకి రావాలట. ఏ గట్టున కాసింది ఆ గట్టువాడిదేనని నా వాదం. ఊట బోదెకి గొట్టం ఎవరు వేయించారో ఆయన గుర్తుచేశారు. సీసా ఎవరు వాపసు ఇచ్చారో నేను గుర్తుచేశాను. మకాం అరుగు మీద టీ రెండోసారి వచ్చింది, బేరం పదిహేనో కాయ దగ్గర ఆగింది. చవితి లోపు తెగేలా లేదు. ఈలోగా చెరువు పూడిక తీయడానికి వచ్చిన పొక్లెయినర్ చేత ఆయన షెడ్డు పక్కన దిబ్బ పోయించేశారు. కడియం నుంచి తెల్ల మొక్కే ఇంకా రావాలి.